నూనె పెట్టని దూలం

రేపల్లె,
18 మే 1969

ప్రియమైన లలితక్కయ్యకు,

పిల్లలిద్దరితో పుట్టింటికి క్షేమంగా చేరాను. క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడేళ్ల కాపురానికి మిగిలింది ఒంటి మీది చీర, చేతిలో ఒక స్టీలు డబ్బా.

ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని అరుస్తూ ఆ రోజు నలభై మంది దాకా వచ్చారు. ఇంటావిడ రాములమ్మగారు గుమ్మానికి అడ్డం నిలబడి, వీళ్లు నా కిరాయిదార్లు, మంచివాళ్లు అని మొత్తుకుంది. ఆమెను జుట్టు పట్టి పక్కకు ఈడ్చారు. నా కుట్టుమిషను రోడ్డు మీద పడేసి బండరాయితో కొట్టారు. మంచాలు, బట్టలు, ఆయన పుస్తకాలు, మూడేళ్లుగా గీసుకున్న మీ ఇంటి పటాలు అన్నీ కుప్ప పోసి కిరసనాయిలు పోశారు. చిన్నది తన బొమ్మ కోసం పరుగెత్తబోతే ఒకడు చెంప మీద కొట్టాడు. ఐదేళ్ల పిల్లక్కా! వారం రోజులయినా ఆ చెంప మీద వేళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆయన మమ్మల్ని రైలెక్కించి వెనక్కి వెళ్లిపోయారు. ఆఫీసు బీరువా తాళాలు ఆయన దగ్గరే ఉండిపోయాయట. రోడ్ల పటాలన్నీ అందులోనే ఉన్నాయట. తాళాలు పోస్టులో పంపొచ్చుగా అంటే వినలేదు. స్వయంగా చేతికి అప్పగించి సంతకం తీసుకుంటేగాని ఆయనకు నిద్ర పట్టదు. అప్పగించాక బస్సులు ఆగిపోయాయనీ, నోరు తెరిస్తే యాస పట్టి కొడుతున్నారనీ, అల్మాస్‌గూడలో మీ ఇంటికి వచ్చాననీ కార్డు రాశారు. అది చదివాకే నేను అన్నం తిన్నాను.

మనం ఒకే బడిలో పని చేశాం, ఒకే డబ్బాలో తిన్నాం. ఆ చనువుతో అడుగుతున్నాను. మా అన్నయ్య లారీ మాట్లాడుకుని వచ్చేదాకా ఆయన ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నాను.

నీ చెల్లెలు,
హనుమాయమ్మ


అల్మాస్‌గూడ,
28 మే 1969

చెల్లె హనుమాయమ్మకు,

నీ ఉత్తరం చేరడానికి ఆరు రోజులు పట్టింది. చిన్నదాని చెంప సంగతి చదివి ఆ కొట్టినవాడి చెయ్యి విరగాలని తిట్టుకున్నాను.

నీ మొగుడు భద్రంగా ఉన్నాడు. నాకంటే మీ దూలాల మీదే ఆయనకు ప్రేమ ఎక్కువని ఎప్పుడూ దెప్పేదానివి కదా, ఇప్పుడు వాటి మధ్యనే పడుకుంటున్నాడు, సంతోషించు. వడ్లు నిల్వ చేసే గుమ్ముల అర్ర మీద అటకలో ఉంచాము. వడ్ల గుమ్ముల వెనక పెద్ద దూలానికి ఆనుకుని ఒక పలక జరుగుతుంది. అది తెలిసినవాళ్లకు తప్ప కనిపించదు. మూడేళ్లు ప్రతి ఆదివారం టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచిన మనిషికి కూడా తెలియలేదు. బయటి నుంచి అర్ర ఎత్తు పదకొండు అడుగులు, లోపల ఎనిమిది, ఆ మూడడుగులు ఏమయ్యాయని ఎన్నడూ అడగలేదేమయ్యా అని ఏడిపించాను. అడిగితే మర్యాద కాదేమోనని ఊరుకున్నానండీ అన్నాడు. తెలిసీ ఊరుకున్నాడన్నమాట. నీ మొగుడు మామూలు మనిషి కాదు.

నువ్వు ఈ ఇంటిని ఎప్పుడూ పాత కొంప అనే అంటావు. జర విను. మా మామగారి తండ్రి ఈ ఇల్లు కట్టినప్పుడు ముందు గోడలు లేపలేదు. అడవి నుంచి బండ్ల మీద టేకు తెప్పించి ఇరవై నాలుగు స్తంభాలు నిలబెట్టారు. వాటి తలల్లో రంధ్రాలు తొలిచి, దూలాల కొసలు అందులో దిగ్గొట్టి, కొయ్య సీలలు బిగించారు. ఇల్లు మొత్తంలో ఒక్క ఇనుప మేకు లేదు. పైన పెంకు కప్పిన తర్వాతే నడుమ నడుమ మట్టిగోడలు పెట్టారు. మూసీకి వరద వచ్చిన ఏడాది వానలకు నాలుగు దిక్కులా గోడలు కరిగి పడిపోయాయట. కప్పు మాత్రం స్తంభాల మీద అట్లనే నిలబడి ఉంది, కింద మనుషులు తడవకుండా పడుకున్నారు.

ఆ అటక గురించి కూడా నీకు తెలియాలి. రజాకార్ల కాలంలో ఊరి ఆడవాళ్లను ఏడుగురిని మా అత్తమ్మ సాయమ్మ అందులో దాచింది. వచ్చినవాళ్లు ఆమె ఎడమ చేతిని గడప మీద పెట్టి తుపాకీ మడమతో కొట్టారు. నాలుగు వేళ్లు విరిగాయి. ఏడుగురూ పైన వింటూనే ఉన్నారట. ఆమె నోరు తెరవలేదు. ఆ వంకర వేళ్లతోనే ఇప్పుడు నీ మొగుడికి జొన్నరొట్టెలు చేసి పైకి అందిస్తున్నది.

ఊరు ఉడికిపోతున్నది. పక్కింటి ఈరమ్మ కొడుకు ఊరేగింపులో పోతే తొడలో పోలీసు తూటా దిగింది. మోకాలి పైన కాలు తీసేశారు. ఇరవై ఏళ్లవాడు. నా తమ్ముడు డిగ్రీ చదివి నాలుగేళ్లు అర్జీలు పెట్టుకున్నాడు, ఆ కుర్చీలో ఎవరో కోస్తా నుంచి వచ్చి కూర్చున్నారు. నీకు కోపం వచ్చినా రాస్తున్నాను, ఈ కోపం నాది కూడా. అంతమాత్రాన నీ మొగుడి తల పగలగొడతామంటే ఊరుకునేదాన్ని కాదు.

ఒక చిన్న చిక్కు వచ్చి పోయింది. ప్రతి ఏడూ రోహిణి ఎండల్లో వడ్రంగం చేసే వడ్ల మట్టయ్య, ఆయన కొడుకు వీరేశం వచ్చి ఇంట్లో ప్రతి కొయ్యకూ జీడి నూనె పట్టిస్తారు, చెదలు రాకుండా. ఈ ఇంటి కొయ్యపని చేసింది మట్టయ్య తాత. నూనె పెట్టే హక్కు ఆ ఇంటివాళ్లదే. ఆ నూనె ఒంటికి తగిలితే పుండ్లు లేస్తాయి, ఆ ఘాటుకు వారం రోజులు అర్రలో మనిషి ఉండలేడు. అసలు రావద్దంటే ఊరంతా ఎందుకని అడుగుతుంది. అందుకే రానిచ్చి, గుమ్ముల అర్ర ఒక్కటి ఈ ఏడు వదిలేయమన్నాను. మట్టయ్య ముఖం మాడిపోయింది. "మా తాత కాలం నుంచి గీ ఇంట్ల ఒక్క దూలం గూడ ఇడిశిపెట్టలే పటేలమ్మా. నా చెయ్యి మీద నమ్మకం పోయిందా?" అన్నాడు. వడ్లు తడిసి ఉన్నాయని ఏదో చెప్పి పంపాను. అలిగి పోయాడు. వచ్చే ఏడు రెండు పూతలు వేయించి బుజ్జగిస్తాలే.

పిల్లలకు ముద్దులు.

నీ అక్క,
లలితమ్మ


రేపల్లె,
3 జూన్ 1969

అక్కయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. వెంటనే రాస్తున్నాను.

నీకు బుద్ధుందా? ఇంట్లో మనిషిని దాచుకుని వడ్రంగులను పిలిపిస్తావా? ఒక్క ఏడు నూనె పెట్టకపోతే ఆ దూలాలు విరిగి పడిపోతాయా? ఇంట్లో మైల అనో, అత్తగారికి జబ్బనో చెప్పలేకపోయావా? ఇల్లంతా పెట్టించి ఒక్క అర్ర వదిలేయమంటే గుడ్డివాడికి కూడా అనుమానం వస్తుంది. ఆ ముసలాయన ఎక్కడ కూర్చుని ఏం అంటున్నాడో!

తిట్టినందుకు ఏమీ అనుకోకు. భయంతో అన్న మాటలవి. మా అన్నయ్య ఎనిమిదో తారీఖున ఉల్లిపాయల లారీలో వస్తాడు. ఆ ఐదు రోజులు ఆయన్ని కిందికి దింపకు. బయటివాళ్లను ఎవరినీ గడప తొక్కనివ్వకు.

హనుమాయమ్మ


అల్మాస్‌గూడ,
14 జూన్ 1969

చెల్లె హనుమాయమ్మకు,

నీ ఉత్తరం తొమ్మిదో తారీఖున అందింది. అప్పటికే అంతా అయిపోయింది. మీ అన్న నీకు ఎంత చెప్పాడో, ఎంత దాచాడో తెలియదు. నా నోటితోనే నీకు చెప్పాలి.

ఐదో తారీఖు మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. అరవై మంది ఉంటారు, సగం ముఖాలు నేనెరగనివి. కర్మన్‌ఘాట్ రోడ్డు మీద ఒక లారీని తగలబెట్టి ఆ మసి చేతులతోనే వచ్చారు. కల్లు దుకాణం దగ్గర మట్టయ్య పది రోజులుగా గొణుగుతున్నాడట, పటేలమ్మ గుమ్ముల అర్రలో దూలానికి నూనె పెట్టనియ్యలేదని. ఆ మాట నోళ్లు మారి ఎక్కడికో పోయింది. నువ్వు రాసిందే నిజమయింది.

పెద్ద దర్వాజ మూసి గడియ పెట్టాను. గొడ్డళ్లతో కొట్టారు. ఎనభై ఏళ్ల తలుపు, అరగంట ఆగింది. లోపలికి వచ్చి నన్ను గోడకు కొట్టారు, నా నెత్తి పగిలింది. అత్తమ్మ మంచాన్ని తిరగేశారు. నడిమింటి స్తంభం మీద కిరసనాయిలు పోసి నిప్పంటించారు. వీరేశం గుంపులోనే ఉన్నాడు. అటక వాడే చూపించాడు.

పలక పీకి నీ మొగుణ్ణి, నా మరిదిని, కాళ్లు పట్టి లాగారు. కిందపడినప్పుడు తల గుమ్మికి తగిలింది. అక్కడి నుంచి నడిమింట్లోకి ఈడ్చుకొచ్చారు. ఇక రాయలేను, కానీ రాయకపోతే నువ్వు ఇంకా ఘోరంగా ఊహించుకుంటావు. మా రోలు మీద ఆయన కుడిచేయి పెట్టి, ఇద్దరు పట్టుకుంటే ఒకడు మా రోకలితోనే దంచాడు. పటాలు గీసే చెయ్యి ఇదేనా అని అడిగి మరీ దంచాడు. తర్వాత కట్టెతో దవడ మీద కొట్టారు. ఒక్కసారి కూడా ఎవరినీ బతిమాలలేదు ఆయన. వాకిట్లో నుంచి ఈడ్చుకుపోయి కర్మన్‌ఘాట్ తోవలో కాలువ పక్కన పడేశారు. అక్కడెవరో గొంతులో నీళ్లు పోసి, జీపు ఆపి దవాఖానకు పంపారట. కర్ఫ్యూ వల్ల నేను పోలేకపోయాను.

గుంపు పోగానే నీళ్లు కొట్టి మంట ఆర్పాను. స్తంభం రెండు వేళ్ల లోతు కాలింది, నిలబడే ఉంది.

పోలీసులు వచ్చి చూపించింది ఎవరని అడిగారు. వీరేశం పేరు చెప్పి సంతకం పెట్టాను. వాడిని తీసుకుపోయారు.

నన్ను ఏమన్నా పడతాను. తిట్టు.

లలితమ్మ


రేపల్లె,
25 జూన్ 1969

అక్కయ్యకు,

నిన్ను తిట్టను. నువ్వు నెత్తి పగలగొట్టించుకున్నావు, అత్తగారు మంచం మీద నుంచి పడ్డారు. మా కోసం అంతకంటే ఎవరు చేస్తారు? జూన్ మూడున రాసిన మాటలకు క్షమించు.

అన్నయ్య ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాడు. చెయ్యి మణికట్టు పైన తీసేశారు. దవడ రెండు చోట్ల విరిగింది, తీగలతో కట్టారు. గొట్టంతో గంజి పోస్తున్నాను. మాట లేదు, రాయడానికి చెయ్యి లేదు. కళ్లతో ఏదో చెప్పాలని చూస్తారు, నాకు అర్థం కాదు. చిన్నది ఆయన దగ్గరికి పోవడం లేదు. పెద్దది నిన్న ఆయన తెగిన చేతికి రుమాలు చుట్టి, నాన్నా నొప్పి పోయిందా అని అడిగింది. నేను దొడ్లోకి పోయి గోడకు తల కొట్టుకున్నాను.

నాకు ఒక్కటే కోరిక ఉంది. ఆ వీరేశం జైలు నుంచి జన్మలో బయటికి రాకూడదు. మీ ఇంటి అన్నం తిని, మీ ఇంటి దూలాల మీద చెయ్యి వేసి బతికినవాడు మనిషిని చూపించి చంపించబోయాడు. వాడి చేతులు కూడా రోలు మీద పెట్టి దంచాలి. ఆడదాన్నయ్యుండి ఇట్లా రాస్తున్నానని అనుకోకు, నాకు చేతనైతే నేనే దంచేదాన్ని. నీ ఉత్తరం చూపించి ఇక్కడి స్టేషనులో నేనూ కాగితం రాసిచ్చాను. వీరేశమే చూపించాడని సంతకం పెట్టాను. ఇద్దరి మాట ఉంటే కేసు గట్టిగా ఉంటుందని అన్నయ్య అన్నాడు.

నీ చెల్లెలు,
హనుమాయమ్మ


అల్మాస్‌గూడ,
20 జూలై 1969

చెల్లె హనుమాయమ్మకు,

నీ ఉత్తరం చదివాను. మరిది చెయ్యి సంగతి అత్తమ్మకు చెప్పాను. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని ఆ వంకర చేత్తో తన గంజి తనే కాచుకుంటున్నది. ముసలితనం, చాదస్తం అని ఊరుకున్నాను.

వీరేశాన్ని స్టేషనులో చాలా కొట్టారట. అరికాళ్లు వాచి నడవలేడట. మట్టయ్య రోజూ పొద్దున వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు. నేను బడికి పోయేటప్పుడు ఒక్కటే మాట, "నా కొడుకు చెప్పలే పటేలమ్మా. నీకు తెలుసు." నేను తల వంచుకుని పోతాను. తిరిగొచ్చేసరికి కూడా అక్కడే ఉంటాడు.

కాలిన స్తంభాన్ని చంపాపేట నుంచి వేరే వడ్రంగి వచ్చి చూశాడు. పైపొర చెక్కేసి రాగి పట్టీ వేస్తే ఇంకో వందేళ్లు ఆగుతుందన్నాడు. అట్లనే చేయించాను. రోలు తీయించి పారేశాను.

మరిది దవడ తీగలు ఎప్పుడు విప్పుతారు? మాట వస్తుందన్నారా? తప్పక రాయి.

లలితమ్మ


రేపల్లె,
14 సెప్టెంబరు 1969

లలితక్కయ్యకు,

దవడ తీగలు విప్పారు. మాట ఇంకా ముద్దగానే ఉంది, నాలుక కొంత తెగిపోయింది. కానీ పెద్దదాని పలక మీద ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టారు. మొదట్లో అక్షరం అక్షరానికి చెమట పట్టేది. ఇప్పుడు మాటలు కుదురుతున్నాయి.

డిసెంబరులో కేసు విచారణకు వస్తుందట. నిన్నూ నన్నూ సాక్ష్యానికి పిలుస్తారు. దానికి ముందు నాకు కొన్ని సంగతులు తెలియాలి. వాళ్లు ఇల్లంతా వెతికారా, నేరుగా గుమ్ముల అర్రకే పోయారా? నిప్పు పెట్టింది ఆయన దొరకక ముందా, దొరికాకా? వీరేశం ఆ పలక చూపించినప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, ఏమన్నాడు? అత్తగారు ఆ సమయంలో ఏమైనా అన్నారా? అన్నీ వివరంగా రాయి.

హనుమాయమ్మ


అల్మాస్‌గూడ,
3 అక్టోబరు 1969

చెల్లె హనుమాయమ్మకు,

మరిది రాస్తున్నాడని తెలిసి దేవుడికి దండం పెట్టుకున్నాను. అవన్నీ ఇప్పుడు మళ్లీ తవ్వుకోవడం ఎందుకు? నాకు తల దెబ్బ తర్వాత ఏది ముందో ఏది వెనకో సరిగా గుర్తు లేదు.

ఒకటి నిశ్చయించుకున్నాను. ఈ ఇంట్లో పడమటి సగం, పది స్తంభాలు, వాటి మీది కప్పు, వెనక బావితో సహా నీ ఆడపిల్లల పేరున రాయిస్తాను. మరిదికి ఈ ఇల్లంటే ప్రాణం. గొడవలు సద్దుమణిగాక వచ్చి ఉండండి. కాదనకు.

లలితమ్మ


రేపల్లె,
12 అక్టోబరు 1969

లలితక్కయ్యకు,

మాకు ఇల్లు అక్కర్లేదు. నేను నాలుగు ప్రశ్నలు అడిగాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

హనుమాయమ్మ


అల్మాస్‌గూడ,
10 నవంబరు 1969

హనుమా,

నాలుగు వారాలు ఈ కాగితం ముందు కూర్చున్నాను. నిన్న మట్టయ్య అరుగు మీదికి రాలేదు. ఏమైందని పంపిస్తే, జైల్లో వీరేశానికి రక్తవిరేచనాలు పట్టుకున్నాయనీ, బతకడం కష్టమనీ తెలిసింది. ఇక దాచలేను. నీ ప్రశ్నలకు వరసగా జవాబు రాస్తున్నాను.

వాళ్లు నేరుగా గుమ్ముల అర్రకే పోయారు. నూనె పెట్టని దూలం ఏదో ఊరందరికీ తెలుసు. గుమ్ములు గొడ్డళ్లతో పగలగొట్టారు. వడ్లన్నీ కిందికి పోశారు. పైన చూశారు కానీ పలక కనిపించలేదు. వెనక్కి నడిమింట్లోకి వచ్చారు.

వీరేశం అప్పుడు గుంపు వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాళ్లతో వచ్చినవాడు కాదు, వాళ్లను ఆపడానికి వచ్చాడు. అర్ర దర్వాజకు అడ్డం నిలబడ్డాడు. "పైన ఏం లేదు. ఎలుకలు పడ్డయని నూనె పెట్టలే. గీ ఇల్లు మా ముత్తాత కట్టిండు, నాకు తెలువదా?" అన్నాడు. వాడికి అటక తెలుసు. పుట్టినప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ పలకకు నూనె పెట్టినవాడు. తెలిసీ అబద్ధం ఆడాడు. వాడి మాట నమ్మి సగం మంది బయటికి తిరిగారు. అది అట్లనే పోయేది, హనుమా. పోయేది.

ఒకడు కిరసనాయిలు డబ్బా తీసి స్తంభం మీద పోశాడు. మనిషి లేకపోతే ఇల్లు పోతుంది, ఇది ఆంధ్రోణ్ణి దాచిన ఇల్లు అన్నాడు. అగ్గిపుల్ల గీశాడు. మంట స్తంభం ఎక్కింది, దూలానికి అందింది. అత్తమ్మ తిరగబడిన మంచం కింది నుంచి అరిచింది. "కాలనియ్యి బిడ్డా ఇల్లు. నువ్వు నోరు తెరవకు." అది నాకు స్పష్టంగా వినిపించింది. తల దెబ్బ, గుర్తు లేదు అని నీకు రాసింది అబద్ధం.

అత్తమ్మ కాలిపోతుందని చెప్పానని అనుకోవచ్చు. అట్లా చెప్పుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. అది కాదు. అత్తమ్మను నేను ఎత్తుకుని బయటికి పోగలను, పైన ఉన్న మరిది అర్రలోకి దిగి వెనక కిటికీలోంచి దూకగలడు, పొగలో వాళ్లకు కనిపించేవాడు కూడా కాదు. నేను చూసింది స్తంభాన్నే. ఇరవై ఏళ్ల కింద కోడలిగా వచ్చి, మొగుడు పోయాక, పిల్లలు లేక, నేను చెయ్యి వేసి పలకరించుకున్నది ఈ కొయ్యలనే. అది కాలుతుంటే చూడలేకపోయాను. "అగ్గి ఆర్పండి, మనిషి పైన ఉన్నడు" అని చెప్పాను. వేలు పెట్టి పలక చూపించాను.

వాళ్లు వీరేశాన్ని పక్కకు తోసి నవ్వారు. వాడు నా దిక్కు చూశాడు. ఆ చూపు భరించలేకనే, పోలీసులు అడిగినప్పుడు నా నోటికి వాడి పేరే వచ్చింది. ఊరంతా నూనె సంగతి మాట్లాడుకుంటున్నది కాబట్టి ఎవరూ అనుమానించలేదు. వాడు స్టేషనులో ఎన్ని దెబ్బలు తిన్నా నా పేరు చెప్పలేదట. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

మా అత్త చెయ్యి విరగ్గొట్టించుకుని ఏడుగురిని కాపాడింది. నేను ఒక కట్టె కోసం ఒకణ్ణి ఇచ్చేశాను. ఇల్లు నిలబడింది. అందులో పడుకోలేక వాకిట్లో పడుకుంటున్నాను.

నీకు అక్కను అనిపించుకునే ముఖం లేదు.

లలితమ్మ


రేపల్లె,
18 నవంబరు 1969

లలితమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. అందులో మాకు తెలియనిది వీరేశం జబ్బు ఒక్కటే.

సెప్టెంబరు ఆరున ఆయన పలక మీద మొట్టమొదట రాసిన మాట నా పేరు కాదు, పిల్లల పేర్లూ కాదు. వీరేశం కాదు అని రాశారు. తర్వాత మూడు రోజులు కూర్చుని అంతా రాశారు. మీ అత్తగారి మాటా, మీ మాటా అటక పలక సందులోంచి ఆయనకు వినిపించాయి. వెంటనే కోర్టుకు రాద్దామన్నారు. నేనే ఆపాను. అక్కయ్య తన నోటితో చెప్తుంది, ఒక్క అవకాశం ఇద్దాం అన్నాను. నాలుగు ప్రశ్నలు అందుకే రాశాను. మీరు ఇల్లు ఇస్తానని రాశారు. ఆ ఉత్తరం చించి పొయ్యిలో వేశాను.

అలా ఎదురుచూస్తూ రెండు నెలలు గడిపాను. ఆ రెండు నెలలూ ఆ అబ్బాయి జైల్లో ఉన్నాడు. నా సంతకం కూడా ఆ కేసులో ఉంది. మిమ్మల్ని అనే ముందు నన్ను నేను అనుకుంటున్నాను. మీ మీద ప్రేమతో చేశాను, మీరు స్తంభం మీద ప్రేమతో చేసినట్టే. దెబ్బలు మాత్రం వాడు తిన్నాడు.

మిమ్మల్ని క్షమించమని ఆయన పలక మీద రాశారు. నేను తుడిచేశాను. ఆయన పెద్దమనిషి, నేను కాదు. రోజూ నాలుగు పూటలు ఆయన నోట్లో అన్నం ముద్దలు పెట్టేది నేను.

నిన్న ఇక్కడి వకీలు చేత ఆయన వాంగ్మూలం రాయించి, ఎడమ చేతి వేలిముద్ర వేయించి కోర్టుకు పంపాం, జైలుకు తంతి ఇప్పించాం. నా కాగితం తప్పని నేనూ రాసిచ్చాను. ఇరవై ఒకటిన మేమిద్దరం రైలు దిగి నేరుగా జైలు దవాఖానకు పోతాం. వాడు బతికి ఉంటే ఆయన వాణ్ణి చూడాలంటున్నారు. మీరు కోర్టుకు వచ్చి మీ నోటితో చెప్తారో లేదో మీ ఇష్టం. మీరు చెప్పకపోతే ఆయన చెప్తారు. ముద్దమాటే అయినా జడ్జీకి అర్థమయ్యేదాకా చెప్తారు.

మీరు చేయాల్సింది ఒకటి ఉంది. మట్టయ్యగారికి చదువు రాదు. మీ పదో తారీఖు ఉత్తరాన్ని దీనితో పాటు తిరిగి పంపుతున్నాను. రెండూ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లండి. ఆయన్ని మీ అరుగు మీదికి పిలవకండి. ఆయన గడప ముందు నిలబడి, ఆ ఇంట్లో వాళ్లందరూ వింటుండగా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించండి. మధ్యలో ఏడవకండి, ఆపకండి. కట్టె కోసం ఇచ్చేశాను అన్న మాట దగ్గర గొంతు తగ్గించకండి.

చదివాక, చదివానని ఒక కార్డు ముక్క రాయండి. దానికి నేను జవాబు రాయను.

వెంకటేశ్వరరావు భార్య,
హనుమాయమ్మ